ఎడంచేతి సాక్ష్యం

నారిన్ పట్నంలో ఊరి నర్సులకి పెట్టిన రెండు రోజుల తరగతిలో సైరకాన్ మొదటి పూటంతా కునుకుతో కుస్తీ పట్టింది. తెల్లవారకముందే వ్యానెక్కి వచ్చింది మరి. పైగా ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషికి బీపీ చూడ్డం నేర్పుతామంటే నిద్ర రాక ఏం వస్తుంది? పక్కన కూర్చున్నావిడ రెండుసార్లు మోచేత్తో పొడిచింది. మూడోసారి పొడవాల్సిన పని లేకపోయింది. రాజధాని నుంచి వచ్చిన గుండె డాక్టరు మీనూరా, వయసులో సైరకాన్ కన్నా చిన్నదే, బల్లకి ఆనుకుని నిలబడి చాలా మామూలుగా ఒక మాట చెప్పింది.

"మీ ఊళ్ళలో పసితనంలో గుండె ఆపరేషన్ అయి, ఇప్పుడు ముప్ఫై నలభై ఏళ్ళొచ్చినవాళ్ళు ఉంటారు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట నొక్కుకుపోయి పుట్టిన పిల్లలు వాళ్ళు. అప్పట్లో కొంతమందికి ఎడంచేతికి పోయే నాళాన్ని కోసి, దాన్నే ఆ ఇరుకు మీద అతుకు వేశారు. ప్రాణం నిలిచింది. కానీ వాళ్ళకి బీపీ ఎప్పుడూ కుడిచేతికే చూడాలి. ఎడంచెయ్యి అబద్ధం చెబుతుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

"ఆ చేతికి రక్తం పక్కదారుల్లో పోతుంది. అక్కడ నూట పది చూపిస్తుంటే, లోపల రెండొందలు ఉండొచ్చు. ఆ నాళాలు పుట్టుకతోనే బిరుసు. మనవాళ్ళు మరమ్మతు చేశారంతే, కొత్తవి ఇవ్వలేదు. అతుకేసిన చోట ఏళ్ళ మీద ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి ఒకరోజు..." అని ఆగింది. "గుర్తుపట్టడం కష్టం కాదు. ఎడంచెయ్యి కాస్త చల్లగా ఉంటుంది. ఒక్కోసారి రవ్వంత పొట్టిగా కూడా. నాడి సరిగా అందదు."

సైరకాన్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. చల్లగా. పొట్టిగా. నాడి అందదు. ఈ మూడూ ఎవరో తన ఇంట్లోకి తొంగి చూసి చెప్పినట్టున్నాయి.

ఆమె చెల్లెలు బురుల్‌కి ముప్ఫై మూడేళ్ళు. పుట్టిన మూడో నెలలో పెదాలు నీలంగా మారి పాలు తాగలేకపోతే తల్లి రాజధానికి తీసుకుపోయింది. నెలన్నర తర్వాత ఎడం రెక్క కింద జానెడు కుట్లతో తీసుకొచ్చింది. సైరకాన్‌కి అప్పుడు పదేళ్ళు. తర్వాత ఆ పిల్ల అందరిలాగే పెరిగింది, పరిగెత్తింది, గుర్రమెక్కింది. ఎడంచెయ్యి మాత్రం ఎప్పుడూ చల్లగానే ఉండేది. "దీని ఎడంచెయ్యి చలికాలంలో పుట్టింది, మిగతాదంతా ఎండాకాలంలో పుట్టింది" అంటూ తల్లి ఆ చేతిని తన చంకలో పెట్టుకుని కాచేది. గౌను కుట్టినప్పుడల్లా ఎడంచేతి వైపు వేలెడు గుడ్డ తగ్గించి కుట్టేది. ఇంట్లో అదొక ముద్దుమాట. అంతే.

బురుల్‌కి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు తల్లి ఆసుపత్రి కాగితాలన్నీ పొయ్యిలో వేసింది. "గుండె కోసిన పిల్లని ఎవరు చేసుకుంటారే? పెదవి దాటిందా, కొండలన్నీ దాటిపోతుంది. నోరెత్తావంటే నా శవం చూస్తావు" అని పెద్దకూతురి చేత రొట్టె మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. కాబోయే అత్తగారు ఉర్కుయా, సంబంధం ఖాయం చేసుకుంటూ పిల్ల చెవులకి పోగులు పెట్టే రోజున, పోగు చేతిలోనే పట్టుకుని సైరకాన్ వైపు తిరిగి అందరిముందూ అడిగింది. "నువ్వు డాక్టరమ్మవి కదా. పిల్ల ఒళ్ళు బాగానే ఉంటుందా?" "గుర్రంలా ఉంటుందత్తయ్యా" అంది సైరకాన్. అందరూ నవ్వారు. పోగు చెవిలోకి దిగింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, ప్రతి వేసవిలోనూ మేతకొండల మీది గుడారాలన్నీ తిరిగే పని సైరకాన్‌దే. గుడారంలోకి అడుగు పెట్టగానే కుడిపక్క ఆడవాళ్ళ చోటు. పొయ్యి వైపు తిరిగి కూర్చుంటే వాళ్ళ ఎడంభుజం గుమ్మం పక్కకి వస్తుంది. వెలుతురుండేది గుమ్మం దగ్గరే. బయటినుంచి వచ్చిన నర్సు కూర్చునేదీ అక్కడే, సంచి పట్టుకుని పెద్దల చోటులోకి పోయి చతికిలబడదు కదా. ఇక ఆడవాళ్ళ కుడిచెయ్యి ఖాళీగా ఉండేదెప్పుడు? టీ పొయ్యాలి, పిండి పిసకాలి, గిన్నెలు అందించాలి. ఎడంచేత్తో గిన్నె అందిస్తే ఆ ఇంటికి మర్యాద లేనట్టే. అందుకని అందరూ కుడిచేత్తో పని చేసుకుంటూనే ఎడంచేతిని నర్సు మీదికి పడేసేవాళ్ళు. శీతాకాలం ఊళ్ళోకి దిగినా అదే అలవాటు. సైరకాన్ నోటుబుక్కులో ఆ లోయలోని ఆడవాళ్ళందరి ఎడంచేతులూ ఉన్నాయి. బురుల్ పేరు పక్కన ప్రతి ఏడూ ఒకే రకం అంకెలు: నూట పది మీద డెబ్భై. వాటిని చూసుకుని ఆమె మురిసిపోయేది కూడా.

మొన్న మే నెలలో కొండెక్కే ముందు బురుల్ తలనొప్పి అంది. "ముక్కులోంచి రెండుసార్లు రక్తం పడిందక్కా." సైరకాన్ ఎడంచెయ్యి చూసి, "నీకేంటే, రాయిలా ఉన్నావు. ఎండకి ముక్కు పగిలుంటుంది, వెన్న రాసుకో" అంది. తరగతిగదిలో ఆ మాట గుర్తొచ్చి ఆమెకి ముచ్చెమటలు పోశాయి. వెన్న రాసుకోమంది!

భోజనానికి వదలగానే సైరకాన్ వసారాలో డాక్టరు వెంటపడింది.

"మా ఊళ్ళో ఒకావిడ ఉందండీ, మీరు చెప్పినటువంటి చెయ్యే. తలనొప్పి, ముక్కులో రక్తం."

డాక్టరు చేతిలో ఉన్న టీ కిటికీలో పెట్టేసింది. "ఎక్కడుందిప్పుడు?"

"కొండమీద. సరిబులక్ మేతలో."

"మీకేమైనా అవుతారా?"

"అబ్బే, కాదండీ" అనేసింది సైరకాన్. తొమ్మిదేళ్ళు దాచిన నోటికి దాచడం తప్ప వేరే పని రాకుండా పోయింది.

"ఈ రోజే వెళ్ళి కుడిచెయ్యి చూడండి. చూసి నాకు ఫోన్ చెయ్యండి. బరువులెత్తనివ్వద్దు, ముక్కనివ్వద్దు." డాక్టరు నంబరు రాసిచ్చింది.

బురుల్‌కి ఫోన్ చేస్తే అందలేదు. సరిబులక్‌లో ఫోన్ అందేది ఒక్క రాతిగుట్ట మీదే, అదీ గాలి అనుకూలిస్తే. వ్యానువాడు మనుషులు నిండేదాకా కదలనన్నాడు. సైరకాన్ ఖాళీ సీట్లన్నింటికీ తనే ఇస్తానంది. "ఏంటక్కా, పెళ్ళికూతురు లేచిపోయిందా?" అని వాడు నవ్వాడు. ఆమె ముఖం చూసి మళ్ళీ దారి పొడుగునా నోరెత్తలేదు.

ఊళ్ళో దిగి, పక్కింటి గుర్రం అడిగి తీసుకుంది. ఇంట్లోకి వెళ్ళి సంచిలో బీపీ మాత్రలు, ఇంకో మిషను పడేసుకుంది. ఒక మిషను చెడిపోయి ఉంటే? దారంతా మనసు ఒకటే లెక్కపెడుతోంది. రోజుకి ఆరుసార్లు గుర్రాల పాలు పితకాలి. తోలుతిత్తిలో పులిసే పాలని కర్రతో వేలసార్లు కొట్టాలి. ఏటినుంచి నీళ్ళు మొయ్యాలి. మూడు మణుగుల పెద్ద కాగు దించాలి. ఇవన్నీ చేసేది ఎవరు? ఆ ఇంటి ఒక్కగానొక్క కోడలు. బరువులెత్తనివ్వద్దని డాక్టరు ఎంత తేలిగ్గా చెప్పింది!

సగం దారిలో ఎదురుగా ఒక మనిషి గుర్రాన్ని దౌడు తీయిస్తూ దిగుతున్నాడు. ఆ కొండల్లో అలా దిగేది చావు కబురు మోసేవాళ్ళే. సైరకాన్ కళ్ళెం లాగి, దారి మధ్యలో అడ్డంగా నిలబడింది. అతను దగ్గరకి వచ్చి గుర్రాన్ని ఆపాడు.

"ఏ గుడారం నుంచి?" అంది.

"ఏ గుడారమేంటి? నా బూడిదరంగు గుర్రం తాడు తెంపుకుని పారిపోయింది. ఇటేమైనా కనబడిందా?"

సైరకాన్‌కి ఏడుపు, నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. "కనబడలేదు! అలా చచ్చినవాళ్ళింటికి పోయినట్టు పోతావేంటయ్యా, మనుషుల ప్రాణాలు తీస్తావా?" అని అరిచింది. అతను నోరు తెరుచుకుని చూస్తుండగానే గుర్రాన్ని అదిలించింది.

సరిబులక్ చేరేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది. గుడారం ముందు తాడుకి కట్టిన గుర్రప్పిల్లలు, వాటి తల్లులు. ఒక ఆడగుర్రం పక్కన, ఒక మోకాలు నేలకి ఆనించి, బకెట్ తొడమీద పెట్టుకుని పాలు పితుకుతోంది బురుల్. బతికే ఉంది. సైరకాన్ గుర్రం దిగి, జీను పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"అక్కా! తరగతికి పోయావన్నారే?" బురుల్ నవ్వుతూ బకెట్ ఎత్తబోయింది.

"దించు!"

"పాలక్కా..."

"దించమన్నానా! పారబోసినా ఫర్వాలేదు. నడు లోపలికి."

పాలు పారబొయ్యమనడం ఆ కొండల్లో తిట్టుకన్నా ఎక్కువ. గుమ్మంలో నిలబడి ఉన్ని ఏరుతున్న ఉర్కుయా తలెత్తి చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి. ఒళ్ళు ఎండిన కట్టె. నోరు మాత్రం ఎండలేదు. "ఓహో, డాక్టరమ్మా! మా పాలు పారబొయ్యమని పట్నంలో నేర్పారా ఈసారి?" అంది.

సైరకాన్ లోపలికి నడిచింది. బురుల్ తన చోటులో కూర్చుని, అలవాటుగా కుడిచేత్తో టీ కెటిల్ అందుకుంటూ ఎడంచేతిని గుమ్మం వైపు చాపింది.

"ఆ చెయ్యి కాదు. కుడిది."

"టీ పొయ్యద్దూ?"

"టీ ఎవరూ తాగరు."

కుడిచెయ్యి అందాలంటే లోపలివైపు వెళ్ళాలి. అక్కడ అప్పటికే వచ్చి కూర్చుంది ఉర్కుయా. అది ముప్ఫై ఏళ్ళుగా ఆమె చోటు. "కొంచెం జరగండత్తయ్యా" అంది సైరకాన్. ముసలామె ఆమె ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో, జరిగింది.

ముందు ఎడంచెయ్యి చూసి, అంకె పైకే చెప్పింది. నూట ఎనిమిది. నాడి ఎప్పటిలాగే వేలికి దొరికీ దొరకనట్టు, సిగ్గుపడుతున్నట్టుంది. పట్టీ విప్పి కుడిచేతికి చుట్టింది. బుడ్డి నొక్కింది. నూట అరవై దాకా ఎక్కించి ఆపితే, అప్పటికే చెవుల్లో దబదబ చప్పుడు. ఇంకా నొక్కింది. నూట తొంభై. చప్పుడు ఆగలేదు. రెండొందల ఇరవై. అప్పుడు ఆగింది. మెల్లగా గాలి వదిలింది. రెండొందల పన్నెండు దగ్గర గుండె తలుపు బాదడం మొదలుపెట్టింది. రెండో మిషను తీసింది. రెండొందల ఎనిమిది. కాసేపాగి మళ్ళీ. రెండొందల పది.

"ఎంతక్కా?" అంది బురుల్. ఆమె కుడికంట్లో తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక ఉంది. దాన్ని సైరకాన్ అప్పుడే చూసింది.

"రెండొందల పది."

"ఒక కుండలో పాలు రెండు రుచులుంటాయా?" అంది ఉర్కుయా. "మనిషి ఒకత్తే కదా. ఈ చేతికి నూట ఎనిమిదీ ఆ చేతికి రెండొందల పదీ ఏంటి?"

అబద్ధం ఇంకొకటి చెప్పే వీలుంది. కొండ ఎత్తు పడలేదనొచ్చు. రెండు రోజులు కిందికి తీసుకెళ్తాననొచ్చు. బురుల్ కళ్ళు అదే వేడుకుంటున్నాయి, చెప్పద్దక్కా అని. సైరకాన్ ఆ కళ్ళలోకి చూసింది, మరకలోకి చూసింది.

"అత్తయ్యా, బురుల్‌కి పుట్టుకతోనే గుండె దగ్గర నాళంలో లోపం. మూడో నెలలో ఆపరేషన్ చేశారు. ఎడంచేతి నాళం కోసి అక్కడ అతుకేశారు. ఆ అతుకు ఇప్పుడు ఉబ్బి ఉంటుందని భయం. మేం దాచాం, అమ్మ ఆసుపత్రి కాగితాలు కూడా పొయ్యిలో వేసేసింది. పోగులు పెట్టిన రోజున మీరడిగితే నేను అబద్ధమాడాను."

బురుల్ తల దించుకుంది. ఉర్కుయా ఉన్నిని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ గాటు నాకు తెలుసు" అంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ తలెత్తారు.

"కోడలు వచ్చిన మొదటి నెల ఆవిరిగదిలో దాని వీపు రుద్దింది ఎవరనుకున్నావు? నేను గుడ్డిదాన్నా? రెక్కకింద జానెడు గాటు."

"మరి అడగలేదేం అత్తయ్యా?" అంది సైరకాన్.

"నిన్నడిగాను కదే! పదిమందిలో అడిగాను. గుర్రంలా ఉందన్నావు. గాటు చూశాక, సరే, ఏదో దాస్తున్నారు, పెళ్ళికి దాచని ఇల్లెక్కడుంది అనుకున్నా. మా అమ్మ నా వయసు దాచింది. కానీ డాక్టరమ్మ సొంత అక్క, ఏడాదికోసారి వచ్చి పట్టీ చుట్టి చూస్తోంది, బాగుందని రాస్తోంది, ఇంక నాకేం భయం అని ధీమాగా ఉన్నా. ఆ ధీమాతోనే దాని చేత కాగులు ఎత్తించా, తిత్తి కొట్టించా. సంబంధం కోసం అబద్ధమాడావు, పోనీ. వైద్యం కూడా అబద్ధంగా చేస్తున్నావని నాకెలా తెలుస్తుంది?"

తప్పు ఇంకొకరి మీదికి తొయ్యడానికి సైరకాన్‌కి ఎవరూ లేరు, పొయ్యిలో కాగితాలు వేసిన తల్లి కూడా ఇప్పుడు మట్టిలో ఉంది. మిగిలింది తనే.

"మీరు పంపేస్తారని భయపడ్డానత్తయ్యా" అంది బురుల్. మొహం చేతుల్లో దాచుకుంది.

"పంపేదాన్నే" అంది ఉర్కుయా, మొహమాటం లేకుండా. "తొమ్మిదేళ్ళ కిందట అది గుండె కోసిన గాటని తెలిస్తే ఆ సాయంత్రమే గుర్రమెక్కించి పంపేదాన్ని. ఇప్పుడెక్కడికి పంపను? ఆ పొగరుబోతు గుర్రాలు నీ చేతికి తప్ప ఎవరికీ పాలివ్వవు." ఆమె పొయ్యిని అనవసరంగా కెలికింది. "ఏడవకు! ఏడిస్తే అది ఇంకా పెరుగుతుందేమో. ఏమే డాక్టరమ్మా, పెరుగుతుందా?"

"పెరుగుతుందత్తయ్యా."

"విన్నావుగా. నోర్మూసుకుని పడుకో."

సైరకాన్ రాతిగుట్ట ఎక్కింది. రెండుసార్లు తెగిపోయి మూడోసారి కలిసింది. అంకెలు చెప్పింది. డాక్టరు ఏ మాత్ర ఎంత ఇవ్వాలో చెప్పి, ఒక్కసారిగా దించేయవద్దని, గుర్రం మీద తేవద్దని, పొద్దున్నే కారులో రాజధానికి తెమ్మని చెప్పింది. "ఇంట్లోవాళ్ళకి విషయం తెలుసా? మీరు వాళ్ళతో మాట్లాడగలరా?"

"తెలుసు. నేను మాట్లాడాను. ఆమె మా చెల్లెలండీ" అంది సైరకాన్. "జాగ్రత్తగా తీసుకురండి" అంది డాక్టరు.

బురుల్ భర్త జర్లిక్ గొర్రెల్ని తోలుకుని వచ్చాక సంగతి విన్నాడు. అప్పుడే బయలుదేరదామన్నాడు. కానీ పగలంతా కరిగిన మంచుతో ఏరు నిండుగా ఉంది, తన డొక్కు జీపు దాన్ని దాటలేదని అతనికే తెలుసు. తెల్లారితే తగ్గుతుంది. అప్పటిదాకా ఆగాలి. ఆ రాత్రి నలుగురిలో ఎవరూ నిద్రపోలేదు, అందరూ నిద్రపోయినట్టు పడుకున్నారు. సైరకాన్ గంటకోసారి కుడిచెయ్యి చూసింది. రెండొందలు. నూట తొంభై ఆరు. మళ్ళీ రెండొందల నాలుగు. ఏటి చప్పుడు మాత్రం తగ్గుతున్నట్టు అనిపించేది.

పొద్దున్నే వెనక సీట్లో పరుపులు పరిచి బురుల్‌ని పడుకోబెట్టారు. ఉర్కుయా కూడా ఎక్కింది. "గుర్రాలు?" అన్నాడు జర్లిక్. "పక్క గుడారం వాళ్ళని పితుక్కోమన్నా. తన్నులు తింటే తిననీ" అంది. ఏట్లో రాళ్ళ మీద జీపు ఊగిన ప్రతిసారీ ముసలామె అరచెయ్యి కోడలి రెక్క కింద, సరిగ్గా గాటున్న చోట, అడ్డుపెట్టింది. అక్కడ చెయ్యి పెడితే లోపలి నాళం ఆగుతుందా? ఆగదు. సైరకాన్ ఆ మాట చెప్పలేదు.

"అక్కా, ఈ చెయ్యి కూడా నీకు చెల్లెలే" అంది బురుల్ మెల్లగా, ఎడంచెయ్యి ఎత్తి చూపిస్తూ. "నీలాగే నా తప్పులన్నీ కప్పిపెట్టింది."

సైరకాన్ నవ్వబోయింది, చేతకాలేదు.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. అతుకున్న చోట నాళం చిన్న కోడిగుడ్డంత ఉబ్బి ఉంది. గోడ ఒకవైపు ఉల్లిపొరలా పలచబడింది. ఈ వేసవి దాటేదేమో, దాటేది కాదేమో అంది మీనూరా. రెండు రోజులు మందులతో ఒత్తిడి దించి, మూడో రోజున తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం ఎక్కించి, ఉబ్బిన చోట లోపలినుంచి తొడుగు వేస్తామన్నారు. ఎక్కించేటప్పుడే పగిలితే చెయ్యగలిగింది తక్కువ అని కూడా చెప్పారు. జర్లిక్ సంతకం పెట్టాడు. పెట్టి, బయటికి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మూడో రోజున సైరకాన్, ఉర్కుయా వసారాలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. మూడు రోజులుగా ముసలామె ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. సైరకాన్ తలుపు వైపే చూస్తోంది. ఎవరో బకెట్ పట్టుకుని వచ్చారు. ఎవరో ఫోన్‌లో మాట్లాడుతూ పోయారు. ఒకసారి ఒక నర్సు పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది, అంతే, సైరకాన్ లేచి నిలబడింది. ఉర్కుయా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూర్చో. వాళ్ళ పని వాళ్ళని చెయ్యనీ. మన పని మనం చేసే వచ్చాం కదా" అంది. కాసేపయ్యాక కోటు చెయ్యి పైకి మడిచింది. "నీ సంచి తెచ్చావా? నాకూ చూడు. రెండు చేతులూ చూడు."

సైరకాన్ చూసింది. చేతులకి పని దొరికినందుకు ప్రాణం కాస్త కుదుటపడింది. ముసలామెకి రెండు చేతులూ ఒకటే మాట చెప్పాయి.

నాలుగు గంటలకి మీనూరా బయటికి వచ్చి టోపీ తీసింది. "తొడుగు కూర్చుంది. నాళం నిలిచింది" అంది. ఉర్కుయా దేవుణ్ణి తలుచుకుంటూ రెండు చేతులూ మొహం మీదుగా కిందికి దించుకుంది. సైరకాన్ ఏడ్చింది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ, ఎవరు చూస్తున్నారన్న లెక్క లేకుండా ఏడ్చింది.

"ఇది అయిపోయిన జబ్బు కాదు" అంది డాక్టరు. "ఏటా స్కాన్. జీవితాంతం మందులు." కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది: బీపీ కుడిచేతికి మాత్రమే. సైరకాన్ చెయ్యి చాపింది, కానీ కాగితం అందుకుంది ఉర్కుయా. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "మీ ఇంట్లో కాగితాలు పొయ్యిలోకి పోతాయంట కదా. ఇది నా దగ్గరుంటుంది" అంది.

మర్నాడు మధ్యాహ్నం లోపలికి పంపారు. బురుల్ దిండుకి ఆనుకుని కూర్చుంది. పాలిపోయింది గానీ, కంట్లో మరక పలచబడింది. కుడి మణికట్టుకి కట్టు కట్టి ఉంది, నాళంలో సూది పెట్టి బీపీ చూస్తున్నారు. ఉర్కుయా మూటలోంచి ఫ్లాస్కు తీసి, గిన్నెలోకి వేడి మాంసంచారు పోసి అందించింది. బురుల్ అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తబోయి, నొప్పికి పళ్ళు బిగపట్టింది.

ఉర్కుయా గిన్నెని వెనక్కి తీసుకుని ఎడంచేతి వైపు చాపింది.

"వద్దత్తయ్యా. మీ చేతిలోంచి ఎడంచేత్తోనా..."

"తీసుకోవే. ముప్ఫై మూడేళ్ళు దొంగసాక్ష్యం చెప్పింది ఆ చెయ్యి. ఇంక కూర్చోబెట్టి మేపను. అబద్ధమాడినవాళ్ళకి శిక్ష పని చెయ్యడమే." ఆమె సైరకాన్ వైపు తిరగకుండానే అంది. "నీ అక్కకి కూడా అదే శిక్ష. ఎల్లుండే కొండెక్కి గుడారం గుడారం తిరుగుతుంది. రెండు చేతులూ చూస్తుంది. ఎవరి చోటులో కూర్చోవాలన్నా నేను చెప్పానని చెప్పమను, జరుగుతారు."

"అలాగేనత్తయ్యా" అంది సైరకాన్.

బురుల్ ఎడంచేత్తో గిన్నె అందుకుంది. సైరకాన్ మంచం అంచున కూర్చుని, ఆ చేతి కింద తన చెయ్యి ఆనించింది. చెల్లెలి వేళ్ళు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి. చారు అయిపోయేదాకా ఆమె ఆ చేతిని వదల్లేదు.